గడ్డి మిషన్ మంచిదే, దాని తలతోనే తలనొప్పి

బ్రష్ కట్టర్ అంటే పెట్రోలుతో నడిచే గడ్డి కోసే మిషన్. దాని గురించి ఎవరిని అడిగినా ముందు ఇంజిన్ ఎన్ని సీసీ అనే చెబుతారు. టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా, భుజాన తగిలించుకునేదా, వీపున కట్టుకునేదా అని పెద్ద చర్చ. కొనేముందు మేమూ అవన్నీ చర్చించాం. ఇన్ని వానాకాలాలు వాడాక మాత్రం నాకు ఇంజిన్ సంగతి పెద్దగా గుర్తు రాదు. కింద గిర్రున తిరిగే నైలాన్ తీగే గుర్తొస్తుంది. ఆ తీగంటే నాకు చెప్పలేనంత ఇష్టం. దాన్ని పట్టుకుని ఉండే ప్లాస్టిక్ తల ఉంది చూశారూ, దాని మీద కోపం ఇప్పటికీ పోలేదు.

మా పరిస్థితి తెలిస్తే గానీ నా మాటని ఎంతవరకు నమ్మాలో మీకు తెలియదు. బెంగళూరు దగ్గర హొసకోటె నుంచి మాలూరు వెళ్లే దారిలో ఒక పల్లెలో మాకు ఇరవై గుంటల జాగా ఉంది. కడప లెక్కలో యాభై సెంట్లు. మధ్యలో రెండు గదుల ఇల్లు, చుట్టూ రాతి కూసాలు పాతి ముళ్లకంపి లాగిన కంచె, లోపల మామిడి, సపోటా, నిమ్మ, వాటికి డ్రిప్పు. వారమంతా వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగాలు, శనివారం పొద్దున్నే ఇక్కడికి. ఊళ్లో చాలా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు కాబట్టి పరాయి చోటు అనిపించదు. మే నెలలో ఉరుముల వానలు, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరుల్లో గట్టి వానలు. అందుకని గడ్డి ఏడాదికి రెండుసార్లు కొత్తగా లేస్తుంది. మోకాలెత్తు దాటిందంటే బోరు స్టార్టర్ పెట్టె దగ్గరికి వెళ్లాలన్నా టెన్షన్. రక్తపింజరలు ఈ వైపు బాగానే తిరుగుతాయి. మా ఆయనకి వయ్యారిభామ కలుపు మొక్క పుప్పొడి పడదు, ఒక పూట అందులో తిరిగితే రాత్రంతా ఆయాసమే. మిగతా పనులు ఎలా పంచుకున్నా ఈ మిషన్ మాత్రం అలా నా భుజానికే వచ్చింది.

బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్న జి.కె.వి.కె.లో ఏటా జరిగే కృషి మేళాలో నాలుగైదు రకాలు ఎత్తి చూసి, చివరికి సిటీ మార్కెట్ దగ్గరి ఎస్.జె.పి. రోడ్డులో ఒక కొట్టులో కొన్నాం. 35 సీసీ, ఫోర్ స్ట్రోక్, భుజానికి పట్టీతో వేలాడేది. కంపెనీ పేరు చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు. ఈ తరహా మిషన్లు చాలావరకు ఒకే నమూనా, ఒకదాని తల ఇంకోదానికి పట్టేస్తుంది కూడా. కొట్టతను మూడు పళ్ల బ్లేడు, రంపంలాంటి ఎనభై పళ్ల బ్లేడు చూపించి తెగ పొగిడాడు. నైలాన్ తీగ తలని మాత్రం ‘ఇది కూడా వస్తుంది మేడమ్’ అని అట్టపెట్టె అడుగున పడేశాడు. కొన్నాళ్లు ఆ బ్లేళ్లతోనే తంటాలు పడ్డాను.

బ్లేడుతో చిక్కేమిటంటే, మా కంచె అంతా గ్రానైట్ కూసాలే. గడ్డి ఒత్తుగా పెరిగేది కూసం మొదట్లోనే. అక్కడికి బ్లేడు పోనిస్తే రాయికి తగిలి మిషన్ మొత్తం పక్కకి విసిరేస్తుంది, మోచేతుల దాకా జివ్వుమంటుంది. నిప్పురవ్వలు వేరే. రాయికి జానెడు దూరంలో ఆపేస్తే ఆ జానెడంతా కొడవలితో కూర్చుని కోయాలి. ఇక మిషన్ ఎందుకు కొన్నట్టు?

తీగ తల బిగించిన రోజు ఆ బాధ తీరింది. తీగకి రాయి తగిలితే వంగి, దాని చుట్టూ తిరిగి, మొదట్లో ఉన్న గడ్డిని చప్పుడు లేకుండా... కాదు, ఇంజిన్ చప్పుడు చెవులు చిల్లులు పడేలానే ఉంటుంది, చెవులకి మఫ్ లేకుండా దాని దగ్గరికి వెళ్లొద్దు. తీగ మాత్రం సుతారంగా గీకేస్తుంది. మంగలి కత్తి చెవి వెనక తిరిగినట్టు కూసం చుట్టూ తిరిగి వచ్చేస్తుంది. గోడ వారన, నీళ్ల తొట్టి పక్కన, మెట్ల సందుల్లో, చప్టా బండల మధ్య పగుళ్లలో లేచే గరిక, అన్నీ పోతాయి. ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి వస్తే సున్నం వేసిన ఇల్లు కాస్త పైకి లేచినట్టు కనిపిస్తుంది. ఆ తృప్తి కోసమే శనివారాలు ఎదురు చూసిన రోజులున్నాయి.

ఇక తల సంగతి. మిషన్‌తో వచ్చేది నేలకి తట్టే రకం. లోపల చక్రానికి తీగ చుట్టి ఉంటుంది. తిరుగుతూ తిరుగుతూ తీగ అరిగిపోయాక, ఇంజిన్ వేగంగా ఉండగానే తలని ఒకసారి నేలకి తట్టాలి. అడుగున ఉన్న బొడిపె లోపలికి నొక్కుకుని, కొంచెం తీగ బయటికి వస్తుంది. గార్డుకి ఉన్న చిన్న కత్తి ఎక్కువైనది కోసేస్తుంది. చెప్పుకోవడానికి ఎంత బాగుందో! పచ్చిక బయలు ఉన్నవాళ్లకి ఇది బాగానే పని చేస్తుందేమో. మాది మొరం నేల, కింద గులకరాళ్లు. ఆ బొడిపె ప్లాస్టిక్. ఎన్నిసార్లు తడితే అన్నిసార్లు అరుగుతుంది.

వినాయక చవితికి కడప నుంచి అత్తామామలు, ఆడపడుచు పిల్లలు వస్తున్నారు. ముందు శనివారం వాకిలి, కంచె శుభ్రం చేద్దామని మొదలుపెట్టాను. గేటు నుంచి రెండో మూల దాకా బాగానే నడిచింది. తర్వాత తట్టాను, తీగ రాలేదు. మళ్లీ తట్టాను, గట్టిగా తట్టాను, రాలేదు. ఇంజిన్ ఆపి, ప్లగ్ క్యాప్ పీకి, మిషన్ని బోర్లా పెట్టి తల మూత విప్పాను. పక్కనున్న రెండు నొక్కులు ఒకేసారి ఒత్తాలి, మట్టి పట్టుకుపోయి ఒక పట్టాన లొంగవు. ఎలాగో లొంగాయి. మూత ఊడీ ఊడగానే లోపలి స్ప్రింగు ఎగిరి ఇంకా కోయని గడ్డిలోకి పోయింది.

లోపల చూస్తే తీగ చుట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దయి ఉన్నాయి. నైలాన్ 220 డిగ్రీల దగ్గర కరుగుతుందంటారు. నిమిషానికి వేల చుట్లు తిరిగే తలలో, తీగ కొస రాళ్లకి కొట్టుకున్నప్పుడల్లా లోపలి చుట్లు అదిరి ఒకదానితో ఒకటి రాసుకుంటాయి, ఆ వేడికి అతుక్కుంటాయి. తీగ పాతబడి ఎండిపోయి ఉంటే ఇంకా తొందరగా. కోసి, ఒలిచి, కొత్త తీగ చుట్టడానికి నేను సిద్ధమే. స్ప్రింగు ఏది?

పక్కింటి అవ్వ మనవడు ఎక్కడినుంచో పాత స్పీకరు అయస్కాంతం తెచ్చి, దానికి తాడు కట్టి గడ్డిలో లాగడం మొదలుపెట్టాడు. రేకుల మేకులు దొరికాయి, సోడా మూత దొరికింది, ఇల్లు కట్టినప్పుడు పోయిన కట్టుడు కంపి ముక్కలు దొరికాయి. స్ప్రింగు దొరకలేదు. పొద్దు వాలింది. సగం కంచె గుండు కొట్టించుకున్నట్టు, సగం జుట్టు విరబోసుకున్నట్టు ఉంది. అత్తగారు ఏమంటారోనన్న దిగులు కంటే ఆ ప్లాస్టిక్ ముక్క మీద కోపమే ఎక్కువ.

ఆదివారం మాలూరులో మందు పిచికారీ పంపులు బాగుచేసే ఒక కుర్రాడి దగ్గరికి తీసుకెళ్లాను. స్ప్రింగు ఒక్కటే దొరుకుతుందా అని అడిగితే నవ్వాడు. ‘అక్కా, రాళ్ల నేలకి దీన్నెందుకు పెట్టుకుంటారు? స్ప్రింగు ఇచ్చినా వచ్చే నెల మళ్లీ వస్తారు’ అని షెల్ఫులోంచి ఒక అల్యూమినియం బిళ్ల తీశాడు. స్ప్రింగు లేదు, చక్రం లేదు, బొడిపె లేదు. గుండ్రటి బిళ్ల, అంచున రంధ్రాలు. జానెడు పైన నాలుగు వేళ్ల పొడవున కోసిన తీగ ముక్కల్ని ఆ రంధ్రాల్లోకి దూరిస్తే లోపలి పళ్లు పట్టేస్తాయి. అరిగాక పీకి కొత్తవి దూర్చుకోవడమే. ధర నాలుగు వందల లోపే. ఇంత మామూలు వస్తువు మిషన్‌తో పాటే ఎందుకివ్వరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బిగించడం అక్కడే నేర్పించాడు. నట్టుకి ఎడమ మర ఉంటుంది, విప్పాలంటే కుడివైపుకి తిప్పాలి. ఇది తెలియక బలం పెట్టి మర పాడుచేసుకున్నవాళ్లు తన దగ్గరికి బాగా వస్తారట. గేరు పెట్టె పక్కన ఉన్న రంధ్రంలో కడ్డీ దూర్చి తిరగకుండా ఆపి, అప్పుడు విప్పాలి. తీగ ముక్కల్ని ముందురోజు రాత్రి నీళ్లలో నానబెట్టమన్నాడు. నైలాన్ కాస్త నీరు పీల్చుకుని మెత్తబడుతుంది, కొసలు పటపటా విరగవు. నేను పాత కొబ్బరినూనె డబ్బాలో నీళ్లు పోసి వేసి ఉంచుతాను. చవితి నాటికి కంచె మొత్తం అయిపోయింది. అత్తగారు దాని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు, మా ఇంట్లో దాన్నే మెచ్చుకోలు అంటారు.

ఈ బిళ్ల తలకీ వంకలు లేకపోలేదు. ముక్క అరిగినప్పుడల్లా ఇంజిన్ ఆపాలి, వంగాలి, చేతొడుగులు తీయాలి. గడ్డి ముదిరి ఉంటే పావుగంటకోసారి ఆపాల్సి వస్తుంది. ఇంకో సంగతి, విరిగిన తీగ ముక్కలు నేలలోనే పడి ఉంటాయి. కనిపించినవి ఏరుతాను, కనిపించనివి మట్టిలోనే ఉండిపోతాయి. ప్లాస్టిక్ సంచి వద్దని గుడ్డ సంచితో సంతకి వెళ్లే మనిషిని, ఈ పని చేస్తున్నానని మనసులో కొంచెం గుచ్చుకుంటూనే ఉంటుంది.

తీగ గురించి పైన అంత గొప్పగా చెప్పాను గానీ, అది అన్నిటికీ కాదు. పక్కింటి అవ్వ తన ఆవుకి గడ్డి అడుగుతుంది. తీగ గడ్డిని కోయదు, చితకగొట్టి చిమ్ముతుంది. మట్టి, గులక, నైలాన్ తునకలు అన్నీ కలిసిన ఆ ముద్దని పశువు ముందు పెట్టకూడదు. అందుకని అవ్వ వైపున్న కంచె పక్క బారు కోసం మళ్లీ ఎనభై పళ్ల బ్లేడే బిగిస్తాను, అది గడ్డిని వరసగా పడుకోబెడుతుంది. లేత మొక్కల దగ్గర తీగ ఇంకా ప్రమాదం. బెరడు చుట్టూ ఒక్కసారి ఒలిచిందంటే మొక్క అక్కడితో సరి. పాత పీవీసీ పైపుని మూరెడు ముక్కలుగా కోసి, నిలువునా చీల్చి మొక్క మొదళ్లకి తొడిగాను. డ్రిప్పు పైపులైతే తీగకి పచ్చి దోసకాయతో సమానం, ముందే పైకెత్తి కొమ్మలకి తగిలించాలి.

వయ్యారిభామ విషయంలో నన్ను దారిలో పెట్టింది అవ్వే. ఒకరోజు అరుగు మీద కూర్చుని చూస్తూ, ‘ఏమ్మా, నీ మిషను కోస్తాది గానీ పీకదు గదా?’ అంది. నిజమే. మొదలుకి పైన కోస్తే అది పక్క కొమ్మలు వేసి ఇంకా పొట్టిగా ఉండగానే పూస్తుంది, ఆ పూతే మా ఆయనకి పడనిది. పూత రాకముందు, వానకి నేల తడిగా ఉన్నప్పుడు, చేతొడుగులు వేసుకుని వేళ్లతో సహా పీకడం ఒక్కటే దారి. చిన్నవాటికి అవ్వ దగ్గరున్న కలుపు తీసే తొలిక చాలు. ఇంకో ముచ్చట: ఈ మొక్కని తినే చిన్న పెంకు పురుగు ఒకటుంది, తెల్లటి వీపు మీద నల్ల చారలు. మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరు వైపే వదిలారు. వానాకాలంలో మా కంచె బయట అవి ఆకుల్ని జల్లెడ చేసి పెడతాయి. అవి కనిపించిన మూలని నేను ముట్టుకోను, వాటి పని వాటిని చేసుకోనిస్తాను.

ఇంజిన్ గురించి అడుగుతారు కాబట్టి రెండు మాటలు. ఫోర్ స్ట్రోక్ కాబట్టి పెట్రోల్లో ఆయిల్ కలిపే బాధ లేకపోవడం హాయి. కానీ ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ కలిసి వస్తోంది, అది గాల్లో తేమ పీలుస్తుంది, కార్బురేటర్ లోపలి పల్చటి రబ్బరు పొర గట్టిపడుతుంది. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, దానంతట అదే ఆగిపోయేదాకా ఇంజిన్ తిప్పి పక్కన పెడతాం. మాకు స్టార్టింగ్ ఇబ్బంది పెద్దగా రాలేదు. కళ్లద్దాలు, గమ్ బూట్లు లేకుండా మాత్రం ముట్టుకోవద్దు. పిల్లలు పదిహేను మీటర్ల లోపలికి రాకూడదని పుస్తకంలో రాసి ఉంటుంది, రాయి ఎగిరి మా కిటికీ అద్దం మీద పడ్డాక ఆ మాట ఊరికే రాయలేదని తెలిసింది.

మరి కొనొచ్చా అంటే, మా అంత జాగా, మా అంత రాళ్ల నేల, వారానికి ఒక్కరోజే తీరిక ఉంటే కొనొచ్చు. ఊళ్లోనే ఉండేవాళ్లకి, మేపడానికి రెండు గొర్రెలున్నవాళ్లకి ఇది అనవసరం. ఐదారు గుంటల లోపు పెరడైతే కరెంటుతో నడిచే చిన్న ట్రిమ్మర్ చాలు, పల్లెలో కరెంటు ఉన్నప్పుడు. బరువు కూడా చూసుకోండి, ఎనిమిది కిలోల పైమాటే. నడుము పట్టీ సరిగ్గా కుదరకపోతే సోమవారం పొద్దున ఆఫీసులో మౌస్ పట్టుకోవడానికి కూడా భుజం ఒప్పుకోదు. నాకు ఒక గంట దాటితే ఒప్పుకోవడం లేదు, అందుకే ఈ మధ్య కంచె, వాకిలి మాత్రం నేను చేసి, చెట్ల మధ్య జాగా ఊళ్లో ఒకతనికి కూలి ఇచ్చి చేయిస్తున్నాం. అతను సొంత మిషన్ తెచ్చుకుంటాడు. దానికీ తట్టే తలే ఉంది, మాలూరు కుర్రాడి అడ్రసు ఇచ్చాను.