పాత ఫోర్ బై ఫోర్: ఉంచుకోవడమా, మార్చడమా? ఏది మేలు?

ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందే పాత ఫోర్ బై ఫోర్ బండి మరమ్మతు ఖర్చు దాని అమ్మకం ధరను దాటిందంటే ఇక వదిలించుకోవాల్సిందేనని చాలామంది లెక్క వేస్తారు. ఆ లెక్కలోనే తప్పుంది. పోల్చాల్సింది పాతదానికి వచ్చే ధరతో కాదు, అదే పని చేయగల మరో బండికి అయ్యే మొత్తంతో. సెకండ్ హ్యాండ్ బండి తెస్తే ఇంజిన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిల్స్‌కు బలం పంచే పెట్టె), రెండు డిఫరెన్షియల్స్ (ఆ బలాన్ని ఒక్కో యాక్సిల్ మీది రెండు చక్రాలకు పంచే గేర్లు), అన్నిట్లో ఆయిల్ మార్చాలి. బెల్టులు, కూలెంట్ గొట్టాలు, బ్రేక్ ఆయిల్, తరచుగా టైర్లు కూడా. ఆ ఖర్చూ కలపండి. పాతదాని మీద ఇప్పటిదాకా పెట్టిన డబ్బును మాత్రం ఏ వైపూ కలపకండి, అది ఎటూ తిరిగి రాదు.

ఇంజిన్ పోయిందని బండి మార్చడం తొందరపాటు. ఇంజిన్, గేర్‌బాక్స్, యాక్సిల్ అన్నీ బోల్టులు విప్పి మార్చగలిగేవే. అసలు తీర్పు ఛాసిస్‌ది, అంటే బండి మొత్తాన్ని మోసే కింది ఇనుప చట్రానిది. బురద ఛాసిస్ బోలు దూలాల్లోకి చేరి రోజుల తరబడి తడిగా ఉంటుంది, కాబట్టి తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. బయట నల్లటి పూత నిగనిగలాడినా నమ్మకండి. అడుగుభాగం ప్రెషర్‌తో కడిగి, ఆరాక, జానెడు జానెడు దూరంలో సుత్తితో తట్టుకుంటూ పోవాలి. మంచి ఇనుము ఖంగుమంటుంది, తిన్నది డబ్ అంటుంది. అక్కడ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడండి. వెనక యాక్సిల్ పైన వంపు, కమాన్ పట్టీల హ్యాంగర్లు, బాడీ మౌంట్లు (బాడీని ఛాసిస్‌కు బిగించే చోట్లు), స్టీరింగ్ బాక్స్ బిగించిన చోటు: ముఖ్యంగా ఈ నాలుగూ చూడాలి. ఒక్క బాడీ మౌంట్ దగ్గర తుప్పు ఉంటే మంచి ఇనుము తేలేదాకా కోసి, అంతే మందం రేకుతో వెల్డింగ్ చేయించవచ్చు. స్టీరింగ్ బాక్స్ దగ్గరో, సస్పెన్షన్ తగిలే చోట రెండు వైపులా తింటేనో అతుకులు పెట్టకూడదు. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ వంటి కొన్నిటికి గాల్వనైజ్ చేసిన (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన) కొత్త ఛాసిస్ విడిగా దొరుకుతుంది. అది దొరకని మోడల్ అయితే మార్చడమే మేలు.

ఇంజిన్‌ది ఊహతో తేల్చవద్దు, కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకున్నప్పటి ప్రెషర్, గేజ్ పెట్టి చూడండి. పెట్రోల్‌దైతే ఇంజిన్ వేడెక్కాక ప్లగ్గులన్నీ తీసి, ఇంధనం, ఇగ్నిషన్ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కో సిలిండర్‌కు ఐదారు కంప్రెషన్ స్ట్రోకులు వచ్చేలా స్టార్టర్ తిప్పాలి. ఎంత రావాలన్నది ఆ ఇంజిన్ మాన్యువల్ చెబుతుంది. సిలిండర్ల మధ్య తేడా కూడా అంతే ముఖ్యం. ఎక్కువ చూపినదానికంటే ఒకటి 15 శాతానికి మించి తగ్గితే అందులో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ వేసి మళ్లీ చూడండి. ప్రెషర్ బాగా పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్టో. డీజిల్‌లో ఈ ఆయిల్ పరీక్ష వద్దు: పిస్టన్ పైన మిగిలే ఖాళీ చాలా తక్కువ, అంకె తప్పు చూపుతుంది, పైగా కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది.

ఇక కొత్తవాటి సంగతి. స్టెబిలిటీ కంట్రోల్ (బండి జారుతుంటే ఒక్కో చక్రానికి తానే బ్రేక్ వేసి నిలబెట్టేది), ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) విషయంలో పాతది ఎంత బాగున్నా పోటీ పడలేదు. ఎత్తైన బండి రోడ్డు మీద జారి తిరగబడే ప్రమాదాన్ని స్టెబిలిటీ కంట్రోల్ నిజంగా తగ్గిస్తుంది. వెనక ఎదురుబొదురు బెంచీల మీద బెల్టుల్లేకుండా రోజూ పిల్లలు కూర్చుంటున్నారంటే ఇక తూకం అక్కర్లేదు, ఆ పనికి వేరే బండి తీసుకోండి.

కొత్తది అడవిదారిలో పనికిరాదన్న మాటా సరికాదు. 2016లో పాత డిఫెండర్ తయారీ ఆగింది. తర్వాత వచ్చినదానికి విడి ఛాసిస్ లేదు, సస్పెన్షన్ కూడా ఇండిపెండెంట్, అంటే ఒక్కో చక్రం విడిగా కదులుతుంది. అయినా ఎయిర్ సస్పెన్షన్ ఉన్నది 900 మిల్లీమీటర్ల లోతు నీళ్లు దాటుతుంది, పాతదాని హద్దు 500. విడి ఛాసిస్, సాలిడ్ యాక్సిల్సే (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) కావాలంటే 2018లో వచ్చిన సుజుకి జిమ్నీలో, జీప్ రాంగ్లర్‌లో ఉన్నాయి.

కొత్త డీజిల్‌కు మాత్రం సున్నితం ఎక్కువ. ఇంజెక్టర్లన్నిటికీ ఇంధనం అందించే కామన్ రైల్ గొట్టంలో ప్రెషర్ 2,000 బార్ దాకా పోతుంది, ఇంధనంలో కాస్త నీరున్నా ఇంజెక్టర్లు పాడవుతాయి. ఎప్పుడూ చిన్న చిన్న దూరాలే తిరిగితే పొగ గొట్టంలోని ఫిల్టర్ మసి కాల్చుకునేంత వేడెక్కక మూసుకుపోతుంది. మెకానికల్ ఇంధన పంపు ఉన్న పాత డీజిల్‌కు ఈ రెండో బెడద లేదు, మొదటిదాన్నీ కొంత ఓర్చుకుంటుంది.

అందుకే ఛాసిస్ గట్టిగా ఉండి, విడిభాగాలు దొరుకుతూ, రోజువారీ ప్రయాణానికి ఇంకో చిన్న కారు ఉంటే పాతదాన్ని ఉంచుకోవడమే మా మాట. ఇంటికి అదొక్కటే బండి అయితే మార్చడం మేలు.

ఉంచుకుంటే డబ్బు ముందు బ్రేకులు, స్టీరింగ్, రేడియేటర్‌కు. తర్వాత తుప్పు, ఆ తర్వాత ఆయిల్ కారడం, చివరికి పెయింటు. యాక్సిల్ లోపలి గాలి వచ్చిపోయే బ్రీదర్ గొట్టాలను ఇంజిన్ బే పైదాకా పొడిగించండి. వేడి యాక్సిల్ చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుని సీళ్ల గుండా నీటిని లాక్కుంటుంది. డిఫరెన్షియల్ ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లబడితే అది జరిగిందన్నమాట, బేరింగులు పోకముందే మార్చేయండి.