డబ్బా బరువు తెలిసిన యాప్: గ్రోసీతో మా వంటింటి పది నెలలు

కిందటి వానాకాలం మొదట్లో మల్కాజిగిరిలోని మా వంటింటి అటక సర్దుతుంటే మూడు శనగపిండి ప్యాకెట్లు బయటపడ్డాయి. మూడూ వేర్వేరు నెలల్లో, ఇంట్లో పిండి లేదనుకొని కొన్నవే. మూడింటికీ పురుగు పట్టింది. అదే వారం ఇడ్లీకి నానబోద్దామని చూస్తే మినపగుళ్లు గిద్దెడు కూడా లేవు. సరుకులు కొనడంలో మేము ఎప్పుడూ వెనకాడలేదు గానీ, ఏది ఉందో ఏది లేదో మాత్రం ఇంట్లో ఎవరికీ సరిగా తెలియదని ఆ వారం స్పష్టమైంది. వంటకాలనూ సరుకులనూ ఒకే చోట చూసుకొనే యాప్ కోసం వెతకడం అప్పుడే మొదలుపెట్టాను.

అంతకు ముందు ఏడాది చందా కట్టి వాడిన ఒక వంటకాల యాప్, నేను ఫోన్ మార్చినప్పుడు, కూర్చుని ఓపికగా రాసుకొన్న వంటకాల్లో సగం తిరిగి ఇవ్వలేదు. అందువల్ల ఈసారి మా ఇంటి లెక్క మా ఇంట్లోనే ఉండాలని పట్టుబట్టి గ్రోసీని ఎంచుకొన్నాను. ఇది ఉచితంగా దొరికే, కోడ్ అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. జర్మనీకి చెందిన ఒక డెవలపర్, ఇంటి లెక్కల కోసం తాను రాసుకొన్న పాత ప్రోగ్రామునూ ఎక్సెల్ షీట్లనూ పక్కన పెట్టి, వాటి స్థానంలో దీన్ని తయారు చేసుకొన్నాడు. దీనికి ఆయన పెట్టిన ఉపశీర్షిక ‘ఫ్రిజ్‌ను దాటిన ఈఆర్‌పీ’ అనే అర్థం వచ్చే మాట. ఈఆర్‌పీ అంటే కంపెనీలు తమ సరుకు, డబ్బు, పనుల లెక్కలన్నీ ఒకే చోట చూసుకొనే సాఫ్ట్‌వేర్. పొద్దంతా మాదాపూర్ ఆఫీసులో ఈఆర్‌పీ అనే మాట వింటూ గడిపే నాకు, ఇంటికొచ్చి కందిపప్పుకు కూడా అదే చేయడం మొదట కాస్త నవ్వు తెప్పించింది.

ముందే చెప్పవలసిన విషయం ఒకటుంది. ఇది ప్లే స్టోర్ నుంచి దించుకోగానే పనిచేసే యాప్ కాదు. ఇంట్లో ఎప్పుడూ నడుస్తూ ఉండే ఒక కంప్యూటరులో దీన్ని పెట్టుకొని, ఫోనులోని బ్రౌజరు నుంచో, విడిగా దొరికే ఆండ్రాయిడ్ యాప్ నుంచో దానికి కలుపుకోవాలి. విండోస్ మీద నేరుగా నడిచే డెస్క్‌టాప్ రూపం కూడా ఉంది. మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో డాకర్ (సాఫ్ట్‌వేర్‌ను దానికి కావలసినవన్నీ కలిపి ఒకే మూటగా నడిపే సాధనం) ద్వారా మా వారు దీన్ని పెట్టడానికి ఒక శనివారం మధ్యాహ్నం పట్టింది. ల్యాప్‌టాప్‌కు సొంత బ్యాటరీ ఉండటంతో కరెంటు పోయినా లెక్క ఆగదు. లెక్కంతా ఒకే ఒక్క ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైలులో ఉంటుంది కనుక ప్రతి ఆదివారం ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకొంటే సరిపోతుంది. ఇంటిలో ఇలాంటి పనికి పూనుకొనేవారు ఒక్కరైనా లేకపోతే ఈ సమీక్ష ఇక్కడితో ఆపేయవచ్చు.

సరుకులను ఎక్కించడం మొదలుపెట్టిన రోజు మా అత్తమ్మ పక్కనే కూర్చుని చూశారు. ఆమెది వరంగల్ దగ్గరి పల్లె. నేను ప్రతి డబ్బా తెరిచి పప్పును గిన్నెలోకి వంపి, తూచి, మళ్లీ డబ్బాలో పోస్తుంటే, “డబ్బ లేపితే ఎరుకైతది గద బిడ్డా, దానికి ఫోనెందుకు?” అన్నారు. ఆమె నలభై ఏళ్లుగా చేస్తున్నది అదే. స్టీలు డబ్బాను ఒక చేత్తో లేపి ‘ఇంకో వారం వస్తది’ అంటే, అది సరిగ్గా వారమే వచ్చేది. ఆ రాత్రి గ్రోసీలో ఒక్కో సరుకుకు ఉండే అమరికలను చదువుతుంటే, డబ్బా బరువును ముందే నమోదు చేసుకొనే సౌకర్యం ఒకటి కనిపించింది. ఖాళీ డబ్బా బరువు ఒక్కసారి చెబితే చాలు, ఆ తరవాత సరుకును బయటికి తీయకుండా డబ్బాతో సహా తూచి ఆ అంకె కొడితే, వాడినదెంతో అదే లెక్క వేసుకొంటుంది. జాడీలో పోసుకొన్న పిండిని తూచడం కోసం చేసిన ఏర్పాటిది. అత్తమ్మ చేయి చేసే పనినే ఇది అంకెలతో చేస్తోంది.

మా కందిపప్పు డబ్బా ఖాళీగా 412 గ్రాములు. పప్పుతో కలిపి తూచితే 1,730 గ్రాములు వచ్చింది కనుక లోపల 1,318 గ్రాముల పప్పు ఉన్నట్టు. మర్నాడు పప్పుచారుకు తీసుకొన్నాక డబ్బాను మళ్లీ కాటా మీద పెట్టి 1,530 అని కొట్టగానే 200 గ్రాములు వాడినట్టు రాసుకొంది. తీసివేత నేను చేయలేదు, పప్పునూ విడిగా కొలవలేదు. వంట మధ్యలో తడి చేతులతో ఉన్నవారికి ఈ తేడా ఎంత పెద్దదో వేరే చెప్పనక్కర లేదు.

అయితే ఇందులో ఒక చిక్కుంది. దాన్ని తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. గ్రోసీ ఆ సరుకు మొత్తం నిల్వ ఈ డబ్బాలోనే ఉందని అనుకొంటుంది. డబ్బాలో కిలో పప్పు ఉండి, అటక మీద విప్పని రెండు కిలోల ప్యాకెట్ కూడా అదే పేరుతో నమోదై ఉంటే లెక్క కుదరదు. ఒక సాయంత్రం డబ్బాలో కొత్తగా అర కిలో పోసి బరువు కొడితే, ఉన్న నిల్వ కంటే ఇది తక్కువగా ఉందంటూ తీసుకోనంది. తప్పు నాదే. ‘కందిపప్పు’ అనే పెద్ద పేరు కింద ‘కందిపప్పు డబ్బా’, ‘కందిపప్పు ప్యాకెట్’ అని రెండు ఉప సరుకులు పెట్టుకొన్నాక సమస్య తీరింది. వంటకంలో పెద్ద పేరు రాసుకొంటే అది రెండింటి నిల్వనూ కలిపి చూస్తుంది. మినపగుళ్లు, పెసరపప్పు, ఇడ్లీ రవ్వ, శనగపిండి అన్నీ ఇప్పుడు ఇలాగే ఉన్నాయి.

కొలతల విషయంలో ఈ సాఫ్ట్‌వేర్ నాకు మరింత నచ్చింది. గ్రాములు, లీటర్లతో పాటు మనకు కావలసిన కొలతను మనమే సృష్టించుకోవచ్చు. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని ఒకసారి రాసిపెట్టాను. సోలకు ఎన్ని గ్రాములన్నది మాత్రం ప్రతి సరుకుకూ విడిగా చెప్పుకోవచ్చు, చెప్పుకొని తీరాలి కూడా. మేము రోజూ వాడే 200 మిల్లీలీటర్ల స్టీలు గ్లాసుతో కొలిస్తే సోనా మసూరి బియ్యం దాదాపు 170 గ్రాములు తూగుతాయి, అటుకులు 70 గ్రాములు కూడా తూగవు. ఈ తేడాను పట్టించుకోని యాప్‌లో ‘ఒక గ్లాసు’ అన్న మాటకు అర్థం ఉండదు. సంక్రాంతికి అత్తమ్మ సకినాల కొలత చెబుతూ నాలుగు సోలల బియ్యానికి సోల నువ్వులు, అర గిద్దె వాము అన్నారు. ఆ మాటలను ఆ మాటలుగానే ఎక్కించాను. దాని వెనక గ్రాముల లెక్కను గ్రోసీ చూసుకొంది. నువ్వులు తక్కువ పడతాయని పండగకు పది రోజుల ముందే తెలిసింది కనుక బేగంబజార్ వెళ్లినప్పుడే తెచ్చుకొన్నాం.

వంటకాల భాగం నిజానికి సరుకుల భాగానికి తోకలాంటిది. ఒక వంటకం తెరిస్తే దానికి కావలసినవన్నీ ఇంట్లో ఉన్నాయో లేదో కనిపిస్తుంది. లేనివాటిని ఒక్క నొక్కుతో కొనవలసిన చీటీలోకి పంపవచ్చు. ఎంతమందికి వండాలో మారిస్తే కొలతలూ మారతాయి, కానీ పులుసులో చింతపండు, ఉప్పు అదే నిష్పత్తిలో పెంచితే నోట పెట్టలేమని వండేవారికి తెలుసు కనుక ఆ అంకెలను నేను నమ్మను. మన వంటల రాతలో సగం ‘తగినంత’ అనే మాట మీదే నడుస్తుంది గదా. గ్రోసీలో అంకె బదులు ఏదైనా మాటను చూపించే వీలుంది కనుక ఉప్పు పక్కన ‘తగినంత’ అని రాసుకొన్నాను, నిల్వ లెక్క మాత్రం లోపల అంకెతోనే సాగుతుంది. కరివేపాకు, కొత్తిమీర, ఆవాలు వంటివాటికి ‘ఎంతో కొంత ఉంటే చాలు’ అనే అమరిక ఉంది. అదీ నాకు ఊరటే. ఒక వంటకంలో ఇంకో వంటకాన్ని కలుపుకోవచ్చు కనుక చారు పొడిని ఒక్కసారే రాసి నాలుగు చోట్ల వాడుకొంటున్నాను. వంటకం నుంచి సరుకు పుట్టే ఏర్పాటూ ఉంది: కందిపొడి కొట్టామని చెబితే కందిపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర నిల్వలోంచి తగ్గి, కందిపొడి నిల్వలో చేరుతుంది.

వెబ్‌సైట్లలో కనిపించిన వంటకాన్ని ఒక్క లింకుతో లాగి తెచ్చుకోవడమే మీ అవసరమైతే మీలీ, టాండూర్ అనే మరో రెండు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు ఆ పనికి తగినవి. మా ఇంట్లో వంటకాలు వచ్చేది వెబ్‌సైట్ల నుంచి కాదు గనుక నాకు ఆ లోటు తెలియలేదు.

గ్రోసీకీ మన వంటింటికీ చుక్కెదురైన చోటు తేదీల వ్యవహారం. ప్రతి సరుకూ రోజులు గడిచేకొద్దీ పాడవుతుందన్న నమ్మకం మీద ఇది కట్టినది. ఏది ముందుగా గడువు తీరుతుందో దాన్ని ముందు వాడమంటుంది, గడువు దగ్గరపడిన వాటిని మొదటి పేజీలోనే రంగు వేసి చూపిస్తుంది. శనగపిండికి, రవ్వకు, నూనెకు ఇది చాలా ఉపయోగం, ముఖ్యంగా గాలిలో తేమ ఉండే జూలై, ఆగస్టు నెలల్లో. ఈ ఏడాది వానాకాలంలో మేము పిండి పారబోయలేదు. కానీ బియ్యం సంగతి వేరు. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది, ఏడాది నిల్వ ఉన్నవి పొడిపొడిగా వస్తాయి, ధర కూడా పాతవాటికే ఎక్కువ. చింతపండు, ఆవకాయ కూడా ఈ లెక్కకు లొంగవు. ఇలాంటివాటికి గడువే లేదని చెప్పడానికి రోజుల గడిలో మైనస్ ఒకటి వేయాలి. అప్పుడు గ్రోసీ దాని గడువును 2999 డిసెంబరు 31గా రాసుకొంటుంది. కిందటి మేలో పెట్టిన మా ఆవకాయకు ఇప్పుడు అంతటి ఆయుష్షు ఉంది. పాతబడేకొద్దీ మెరుగయ్యే సరుకు ఒకటుంటుందని చెప్పే దారి మాత్రం నాకు ఇందులో కనిపించలేదు. బియ్యం కొన్న తేదీ నమోదై ఉంటుంది కనుక దాన్ని చూసి ఏ బస్తా ముందు విప్పాలో మనమే తేల్చుకోవాలి.

బార్‌కోడ్ గురించి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. 890తో మొదలయ్యే మన ప్యాకెట్ల కోడ్‌లను, 2012లో ఫ్రాన్స్‌లో మొదలై స్వచ్ఛందంగా నడుస్తున్న ఓపెన్ ఫుడ్ ఫ్యాక్ట్స్ అనే జాబితాలో వెతికి పేరు పట్టుకొచ్చే ఏర్పాటు ఉంది. పెద్ద కంపెనీల బిస్కెట్లు, నూడుల్స్ దొరికాయి. కిరాణా కొట్టులో లూజుగా కట్టి ఇచ్చిన ధనియాలకు కోడే ఉండదు. మా సరుకుల్లో సగానికి పైగా అలాంటివే కనుక ఒక నెల తరవాత నేను స్కానింగు మానేశాను. బ్రౌజరులో కెమెరా పనిచేయాలంటే భద్రమైన కనెక్షన్ ఇచ్చే హెచ్‌టీటీపీఎస్ కూడా అమర్చుకోవాలి. అది ఇంకో సాయంత్రం పని. రైతు బజారు కూరగాయలు, రోజూ వచ్చే పాల ప్యాకెట్లు కూడా నేను ఎక్కించను. రెండు రోజుల్లో అయిపోయే బెండకాయలకు ఖాతా రాయడం దండగ.

పనులను గుర్తుంచుకొనే విభాగాన్ని ఒక్క దానికే వాడుతున్నాను. గ్యాస్ మార్చిన ప్రతిసారీ ఒక నొక్కు నొక్కితే 14.2 కిలోల సిలిండరు సగటున ఎన్ని రోజులు వస్తోందో చూపిస్తుంది. వారం భోజనాల ప్రణాళిక అనే విభాగాన్ని రెండుసార్లు నింపి వదిలేశాను. మా ఇంట్లో ఏం వండాలో పొద్దున బండి మీద వచ్చే కూరలే నిర్ణయిస్తాయి.

దీని అసలు ఖర్చు క్రమశిక్షణ. వాడిన ప్రతిసారీ ఎవరో ఒకరు చెప్పాలి. అత్తమ్మ ఫోను ముట్టరు కనుక డబ్బాల అలమరకు ఒక చీటీ వేలాడదీశాను. ఏ డబ్బా తీశారో ఆమె గీత గీస్తారు, రాత్రి భోజనాలయ్యాక ఆ డబ్బాలను వరసగా కాటా మీద పెట్టి అంకెలు కొడతాను. ఐదు నిమిషాల పని. నవంబరులో మా ఆడపడుచు కూతురి పెళ్లికి పన్నెండు రోజులు ఊళ్లో ఉండి, వచ్చాక మరో వారం అలసత్వం చేస్తే లెక్క మొత్తం చెడింది. ఒక ఆదివారం పొద్దున్నే కూర్చుని 46 సరుకులను మళ్లీ తూచుకొన్నాను. ఉన్నదెంతో చెబితే తేడాను తానే సర్దుకొనే విభాగం ఉండబట్టి రెండు గంటల్లో తేలింది గానీ, ఈ ఓపిక లేనివారు మూడో నెలలో దీన్ని వదిలేస్తారు. మొదలుపెట్టేవారు ఇల్లంతా ఒకేసారి ఎక్కించకుండా, తరచూ రెండోసారి కొనేస్తున్న పది సరుకులతో మొదలుపెట్టడం మేలు.

ఇంకా కుదరనిది బియ్యం డ్రమ్ము. మా వంటింటి కాటా పది కిలోలకు మించి తూచదు, 25 కిలోల బస్తా పోసిన డ్రమ్మును దాని మీద పెట్టలేం. రోజూ తీసే గ్లాసులను లెక్కపెట్టి గ్రోసీకి చెబుతున్నా నెలాఖరుకు కిలోన్నర అటూ ఇటూ అవుతోంది. డ్రమ్మును కొంచెం పక్కకు ఒరిగించి చూసి అత్తమ్మ చెప్పే అంచనాయే ఆ ఒక్క గడిలో వేస్తున్నాను.