వెదురు బకెట్: పెట్టినచోట నిలబడాలంటే

బకెట్ కాంక్రీట్‌లో వెదురు గడలు నిలబెట్టి, చేపలు చేరడానికి నీళ్ల అడుగున ముంచే గుబురు ఇది. అమెరికాలో డాలస్ దగ్గర లేక్ లూయిస్‌విల్‌లో క్రాపీ అనే మంచినీటి చేపని పట్టేవాళ్లకి ఇది కొత్త వస్తువేం కాదు. 5 గ్యాలన్ల, అంటే 19 లీటర్ల ప్లాస్టిక్ బకెట్, ఎనిమిది వెదురు గడలు, కాంక్రీట్. అంతే సరంజామా. చేపల్ని నిలబెట్టడంలో దీనికి వంక పెట్టడానికి లేదు. పెట్టినచోట తాను నిలబడకపోవడమే దీని జబ్బు.

ఆ జబ్బు కణుపుల మధ్య గాలిలో ఉంది. 3 మీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల మందం ఉన్న గడ రెండు లీటర్ల నీటిని తోసేస్తుంది. దాని బరువు పోను ఒక్కోటీ సుమారు కిలో పైకి లాగుతుంది. ఎనిమిదింటికి ఎనిమిది కిలోలు. సగం బకెట్ కాంక్రీట్ చాలంటారు చాలామంది. అది 20 కిలోలు, నీళ్లలో తూగేది 11 కిలోలే. మిగిలే మూడు కిలోలతో బకెట్ ఏం ఆగుతుంది? ఎవరి లంగరు తగిలినా దాంతోపాటే నడుస్తుంది. 36 కిలోల బస్తా మొత్తం కలిపి పోయండి, దాదాపు అంచుదాకా వస్తుంది.

ప్రతి రెండు కణుపుల మధ్యా పైన ఒకటి, కింద ఒకటి 6 మిల్లీమీటర్ల బెజ్జాలు వేయాలి. ఒక్కటే వేస్తే గాలి బయటికి రావడానికీ నీరు లోపలికి పోవడానికీ అదే దారి, గంటలు పడుతుంది. దించేటప్పుడు బుసబుసమని బుడగలు వస్తాయి. అవి ఆగేదాకా తాడు వదలొద్దు.

పచ్చి వెదురు ఆరేకొద్దీ ముడుచుకుని కాంక్రీట్‌లోంచి పన్ను ఊడినట్టు ఊడొస్తుంది. అందుకే ప్రతి గడ మొదట్లో 10 సెంటీమీటర్ల మేకు అడ్డంగా దూర్చాలి. బకెట్ హ్యాండిల్‌ని నమ్ముకోకండి, ఆ బరువుకి చెవులు తెగుతాయి. తడి కాంక్రీట్‌లోనే వంచిన ఇనుప చువ్వ ఒకటి గుచ్చి, మూడు రోజులు ఆరనివ్వండి. తాడు ఆ చువ్వలోంచి తీసి రెండు కొసలూ పట్టుకుని దించితే, అడుగు తగిలాక ఒక కొస వదిలి లాగేసుకోవచ్చు.

లోతు 4 నుంచి 5 మీటర్లు. ఇంకా లోతుకి పోతే వేసవిలో థర్మోక్లైన్ (పైన వెచ్చటి నీటికీ అడుగున చల్లటి నీటికీ మధ్య పొర) కింద ఆక్సిజన్ పెద్దగా ఉండదు, ఎంత మంచి గుబురైనా ఖాళీ ఇల్లే. పడవలోని సోనార్ తెర మీద దువ్వెనలా కనిపిస్తే నిలబడినట్టు, ముద్దలా కనిపిస్తే పడినట్టు.

సెడార్ కొమ్మలు మొదటి ఏడాది వెదురు కన్నా బాగా పనిచేస్తాయి. కానీ సన్న రెమ్మలు రెండు మూడేళ్లకి పోతాయి, ఉన్నన్నాళ్లూ జిగ్‌లని, అంటే బరువు గుండు ఉన్న గాలాలని, చిక్కించుకుని మింగుతాయి. పీవీసీ గొట్టాలకి గాలం తగులుకోదు, కుళ్లదు. కాకపోతే నున్నగా ఉంటుంది కాబట్టి గరుకు కాగితంతో రుద్దితేనే నాచు త్వరగా పడుతుంది. మన చెరువుల్లో తుమ్మకంప వేసేది దొంగ వలలు చిరగడానికి. ఇక్కడ కావాల్సింది సరిగ్గా దానికి వ్యతిరేకం, ఏదీ చిక్కుకోకూడదు.

లూయిస్‌విల్ ఆర్మీ కోర్ (అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం) జలాశయం, పైగా తాగునీరు. అనుమతి లేకుండా ఏదీ ముంచకూడదు. టైర్లు, రసాయనం పట్టించిన కలప ఊసే వద్దు. మునిగిన గడల మీద జీబ్రా ఆల్చిప్పలు పడతాయి. వాటి అంచు బ్లేడు. జిగ్ కట్టే ముందు చివరి అడుగున్నర లైన్‌ని గోటితో తడిమి చూడండి, గరుకు తగిలితే అంతమేర కోసేయండి.