ఓడ దిగిన రోజులు: 4 క్రూయిజ్‌లు, 14 పోర్టుల తర్వాత నా సమీక్ష

క్రూయిజ్‌కి వెళ్ళొచ్చినవాళ్ళు గది గురించి, బఫే గురించి, రాత్రి షోల గురించి చెబుతారు. నేను వాటి జోలికి పోవడం లేదు. ఓడ పోర్టులో ఆగిన రోజు కిందికి దిగి ఎక్కడికి వెళ్ళాలి, ఓడవాళ్ళు అమ్మే టూరు కొనాలా, మన ఏర్పాటు మనమే చేసుకోవాలా అన్నదే ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే మా మొదటి ప్రయాణంలో డబ్బు ఎక్కువ పోయిందీ, మనసు ఎక్కువ కష్టపడిందీ అక్కడే.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. మావారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. 2018లో సింగపూర్ నుంచి మలేషియాలోని పోర్ట్ క్లాంగ్, పెనాంగ్, థాయిలాండ్‌లోని ఫుకెట్. 2023లో చెన్నై నుంచి శ్రీలంకలో మూడు పోర్టులు. 2024లో అమ్మాయి, అల్లుడితో బార్సిలోనాలో ఎక్కి మార్సే, జెనోవా, రోమ్, నేపుల్స్, పలెర్మో. 2025లో మళ్ళీ సింగపూర్ నుంచి పాత దారే. మొత్తం 14 పోర్టులు, దిగింది మాత్రం 13. ఆ ఒక్కటి ఎందుకు తప్పిందో తర్వాత చెబుతాను.

2018లో మాకేమీ తెలియదు. బ్రోచర్‌లో "కౌలాలంపూర్" అని రాసి ఉంటే ఓడ కౌలాలంపూర్‌లోనే ఆగుతుందనుకున్నాం. ఆగేది పోర్ట్ క్లాంగ్‌లో, పులావ్ ఇందా అనే దీవి మీద. అక్కణ్ణుంచి నగరానికి బస్సులో గంట పైనే, ట్రాఫిక్ ఉంటే గంటన్నర. ఓడవాళ్ళ టూరు కొన్నాం, అత్తయ్యగారితో కలిపి నలుగురికి. ఉదయం థియేటర్లో కూర్చోబెట్టి చొక్కాలకు నంబరు స్టిక్కర్లు అంటించడానికే ముప్పావుగంట. పెట్రోనాస్ టవర్స్ దగ్గర ఫోటోకి 20 నిమిషాలు. చాక్లెట్ల దుకాణంలో 50 నిమిషాలు. బటు కేవ్స్‌లో 40 నిమిషాలు. ఆ ప్రయాణంలో అత్తయ్యగారు అడిగింది ఒక్కటే, ఆ గుహల్లోని సుబ్రహ్మణ్యస్వామి గుడి. పైకి 272 మెట్లు. అప్పటికే ఆవిడకు 74 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగాయి. కింద బంగారు రంగు స్వామి విగ్రహానికి దణ్ణం పెట్టుకుని, మేము మెట్లెక్కి పరుగున దిగి వచ్చేదాకా ఒక పూలకొట్టు పక్కన కూర్చున్నారు. 42 మీటర్లు దాటిన ఆ విగ్రహాన్ని తలెత్తి చూస్తూ ఒక్కరే కూర్చున్న ఆవిడ నాకిప్పటికీ కళ్ళముందే ఉన్నారు. చాక్లెట్ల కొట్లో పోయిన ఆ 50 నిమిషాలు అక్కడ ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది.

ఇంటికొచ్చాక మావారు ఒక డైరీ పెట్టారు. ఆ తర్వాత ప్రతి పోర్టుకీ మొదట రాసుకున్నది ఒకటే: ఓడ ఆగే చోటు నుంచి మనం చూడాలనుకున్న చోటు ఎంత దూరం? చాలా పోర్టుల పేర్లు ఊళ్ళ పేర్లతో అమ్ముతారు. రోమ్ అంటారు, ఓడ ఆగేది చివితావెక్కియాలో. రోమ్ నుంచి అది సుమారు 70 కిలోమీటర్ల పైనే. విజయవాడ చూపిస్తామని చెప్పి బందరులో దింపితే ఎలా ఉంటుందో సరిగ్గా అలాగే. బ్యాంకాక్ అంటే లేమ్ చబాంగ్, అక్కణ్ణుంచి రెండు గంటల రోడ్డు. అదే పెనాంగ్‌లో అయితే స్వెటెన్‌హామ్ పియర్‌లో దిగి గేటు దాటితే జార్జ్‌టౌన్ వీధుల్లోనే ఉంటారు. జెనోవాలోనూ అంతే. ఈ ఒక్క సంగతి ముందే తెలుసుకుంటే సగం నిర్ణయం అయిపోయినట్టే. ఊళ్ళోనే ఆగే ఓడకు టూరు కొనడం నా దృష్టిలో డబ్బు పారేసుకోవడమే.

రెండోది టైము లెక్క. ఇది పూర్తిగా మావారి పద్ధతి. బ్రోచర్‌లో ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా అని ఉంటే తొమ్మిది గంటలున్నాయని మురిసిపోతాం. కానీ 8కి ఓడ ఆగినా అధికారుల తనిఖీలయ్యి మనం నేలమీద కాలు పెట్టేసరికి 8:45. ఓడ కదిలేది 5కి అయితే "ఆల్ అబోర్డ్", అంటే అందరూ ఎక్కి ఉండాల్సిన టైము, 4:30కో 4కో ఉంటుంది. దానికి గంట ముందే తిరిగి రావాలని పెట్టుకుంటే 3. మిగిలింది ఆరుంపావు. పోర్ట్ క్లాంగ్ లాంటి చోట రానుపోను మూడు గంటలు తీసేయండి. చేతిలో ఉండేది మూడు గంటల పైన కొంచెం. అందులో ఒక చోటు చూడగలం, భోజనం చేయగలం, అంతే. నాలుగు చోట్లు రాసిన టూరు కాగితం చూస్తే అందుకే నాకు భయం. రైలు ఎన్నింటికి కదులుతుందన్నది కాదు, మనం ప్లాట్‌ఫారం మీద ఎన్నింటికి ఉండాలన్నదే లెక్క అంటారాయన.

టైము అంటే ఇంకో సంగతి ఉంది. ఇది అందరికీ గట్టిగా చెప్పాలనుకున్నది. సింగపూర్, మలేషియాల టైము ఒకటే. థాయిలాండ్ వాళ్ళది ఒక గంట వెనక. 2018లో మా ఓడ సింగపూర్ టైము మీదే నడిచింది. ఫుకెట్‌లో దిగగానే నా ఫోన్ తనంతట తనే థాయిలాండ్ టైముకి మారిపోయింది. కరోన్ బీచ్‌లో కూర్చుని ఫోన్ చూసుకున్నాను, మూడున్నర. పటాంగ్ తీరం నుంచి మమ్మల్ని ఓడకు చేర్చే చివరి టెండర్ బోటు ఐదింటికి, ఇంకా చాలా టైముందని కొబ్బరిబొండాలు చెప్పాను. మావారు చేతి వాచీ చూసి లేచి నిలబడ్డారు. వాచీలో నాలుగున్నర. పటాంగ్‌కి వెళ్ళే దారిలో ట్యాక్సీ కొండ ఎక్కుతున్నంతసేపూ నా గుండె దడదడలాడింది. అత్తయ్యగారు హనుమాన్ చాలీసా అందుకున్నారు. చివరి బోటులో చివరగా ఎక్కింది మేమే. అప్పటినుంచి ఓడ టైము పెట్టిన మామూలు చేతి వాచీ లేకుండా నేను దిగను. ఉదయం దిగేటప్పుడు గ్యాంగ్‌వే, అంటే ఓడ దిగే దారి దగ్గర ఆ రోజు ఎక్కాల్సిన టైము రాసిన బోర్డు ఉంటుంది. దాన్ని ఫోటో తీసుకుంటాను.

టెండర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు: కొన్నిచోట్ల పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు, దూరంగా లంగరేసుకుని చిన్న బోట్లలో మనల్ని చేరుస్తుంది. ఫుకెట్‌లో పటాంగ్ తీరం అలాంటిదే. ఓడ టూరు కొన్నవాళ్ళను ముందు పంపిస్తారు, మిగతావాళ్ళు టోకెన్ తీసుకుని ఆగాలి. మా లెక్కలో దానికి ఇంకో గంట పోతుంది. బోటు అలల మీద ఊగుతుంటే అడుగు వేసి ఎక్కాలి కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు బాగా ఆలోచించుకోవాలి.

మరి ఓడ టూరు ఎప్పుడు కొనాలి? దానికున్న అసలు బలం ఒక్కటే. వాళ్ళ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా వాళ్ళే తర్వాతి పోర్టుకు చేరుస్తారు. మన ట్యాక్సీ ఆలస్యమైతే ఓడ వెళ్ళిపోతుంది, తర్వాతి పోర్టుకు మన ఖర్చుతో మనం వెళ్ళాలి. దూరం ఎక్కువై, రోడ్డు మీద నమ్మకం లేకపోతే కొనేయండి. ఇంకో కారణం గైడు. నేపుల్స్‌లో పాంపే కోసం మేము టూరే కొన్నాం. క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలై బూడిద కింద పూడిపోయిన ఊరది. చెప్పేవాళ్ళు లేకపోతే మొండిగోడలే కనిపిస్తాయి. మా గైడు ఒక కొట్టు ముందు ఆగి, రాతి గట్టులో దింపిన కుండలు చూపించి ఇక్కడ వేడి తిండి అమ్మేవాళ్ళని చెప్పినప్పుడు ఆ వీధంతా ఒక్కసారిగా మనుషులతో నిండినట్టనిపించింది. ఉండవల్లి గుహలు చూసేవాళ్ళకు కూడా నేనిదే చెబుతాను, చెప్పగలిగిన మనిషిని తోడు తీసుకెళ్ళమని.

రోమ్‌కి మాత్రం సొంతంగా వెళ్ళాం. దూరమైనా సరే వెళ్ళడానికి కారణం రైలు. ఓడ దగ్గర నుంచి పోర్టు గేటు దాకా షటిల్, అక్కణ్ణుంచి స్టేషన్‌కి బస్సు, ఆపైన రైలు. సాన్ పియెత్రో స్టేషన్‌లో దిగితే వాటికన్‌కి నడిచే వెళ్ళొచ్చు. అక్కడ కాగితం టిక్కెట్టును రైలెక్కే ముందు ప్లాట్‌ఫారం మీది మెషిన్‌లో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా. మావారు ఆ మెషిన్‌ని నాలుగు వైపులా తిరిగి చూశారు. తిరుగు రైళ్ళు మూడు రాసుకుని, వాటిలో మొదటిదే మనది అనుకుని బయల్దేరాం. మిగతా రెండూ ఆపదకు. కలోసియం వద్దనుకున్నాం. అల్లుడు కొంచెం బాధపడ్డాడు కానీ ఒప్పుకున్నాడు. సెయింట్ పీటర్స్ బసిలికాలో లోపలికి టిక్కెట్టు లేదు, తనిఖీ క్యూ మాత్రం పొడుగు. లోపలికి వెళ్ళగానే కుడివైపు అద్దం వెనక మైకెలాంజెలో చెక్కిన పియెటా. చనిపోయిన కొడుకును ఒళ్ళో పెట్టుకున్న తల్లి. ఆ బొమ్మ ముందు అరగంట నిలబడ్డాను. ఆ రోజు నాలుగు చోట్లకు పరుగులు పెట్టి ఉంటే ఆ అరగంట నాకు దొరికేది కాదు.

జెనోవాలో, పలెర్మోలో పొద్దున దిగి నడిచి తిరిగి మధ్యాహ్నానికి వచ్చేశాం, చెప్పుకోవాల్సిన ఇబ్బందేమీ లేదు. మార్సేలో ఓడరేవు ఊరికి దూరం, షటిల్ బస్సు చూసుకోవాలి.

శ్రీలంక ప్రయాణం మనవాళ్ళకు బాగా నచ్చుతుంది. పినాకినిలో ముందురోజే చెన్నై వెళ్ళిపోయాం. ఓడ ఎక్కే రోజు రైలును నమ్ముకోవద్దు. హంబన్‌టోటలో పోర్టు చుట్టుపక్కల చేసేది తక్కువ కాబట్టి కతరగామ సుబ్రహ్మణ్యస్వామి గుడి టూరు కొన్నాం. ట్రింకోమలీలో ఆటో మాట్లాడుకుని కోణేశ్వరం శివాలయానికి వెళ్ళాం. ఫ్రెడరిక్ కోట గేటు దాటితే చెట్లకింద జింకలు తిరుగుతుంటాయి. కొండ చివర, సముద్రం మీదికి వంగిన రాతి మీద గుడి. పాత గుడిని 1620లలో పోర్చుగీసువాళ్ళు కూల్చారు. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదైన శాంకరీదేవి స్థానం ఇక్కడేనని మనవాళ్ళ నమ్మకం. ఇంద్రకీలాద్రి అమ్మవారి కుంకుమ పొట్లం ఇంటినుంచి తెచ్చుకున్నాను, అక్కడ పూజారిగారికి ఇచ్చి అమ్మవారి పాదాల దగ్గర పెట్టించాను. కంకేశంతురై నుంచి జాఫ్నా నల్లూరు గుడికి వెళ్ళేవాళ్ళలో మగవాళ్ళు చొక్కా విప్పాలి, అది గుర్తుంచుకోండి.

ఇక డబ్బు. ఓడ టూర్లు ఎక్కే ముందే ఇంటిదగ్గర వెబ్‌సైట్‌లో కొంటే మాకు ఎప్పుడూ కొంత తక్కువే పడింది. గడువులోపల రద్దు చేసుకోవచ్చు, ఆ గడువు ఎప్పటిదాకానో కొనేటప్పుడే రాసుకోండి. 2025 ఆగస్టులో ఫుకెట్ దగ్గర అలలు ఎక్కువై టెండర్లు వేయలేకపోయారు. ఓడ ఆగకుండా వెళ్ళిపోయింది. తప్పిపోయిన పోర్టు అదే. ఓడ టూరు కొన్న మా పక్కగది వాళ్ళకు డబ్బు మొత్తం వాళ్ళ ఖాతాలోకి తిరిగొచ్చింది. మేము బయటి వ్యాన్‌కి ముందే కట్టిన అడ్వాన్సు పోయింది. ఎన్ని మెయిళ్ళు రాసినా జవాబు లేదు. టెండర్ పోర్టుకు, అందులోనూ వానాకాలంలో, బయటివాళ్ళకు ముందు డబ్బు కట్టకండి. అన్నీ కలిపి చూస్తే ఓడ టూర్లకు పదికి ఆరు ఇస్తాను, సొంత ఏర్పాటుకు ఎనిమిది.

చిన్నవే అయినా టెన్షన్ పెట్టేవి కొన్ని. దిగినా దిగకపోయినా దారిలో ఉన్న ప్రతి దేశం వీసా నియమం చూసుకోవాలి, లేకపోతే ఓడ ఎక్కేచోటే ఆపేస్తారు. యూరప్ ఓడ మధ్యలో షెంగెన్, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు దాటి మళ్ళీ లోపలికి వస్తే మల్టిపుల్ ఎంట్రీ వీసా కావాలి. సింగపూర్ ఓడల్లో పాస్‌పోర్టులు వాళ్ళే తీసి ఉంచుకున్నారు, కాబట్టి జిరాక్సు దగ్గర ఉండాలి. ఓడలో ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, సముద్రం మీది నెట్‌వర్క్ తగిలితే బిల్లు వాచిపోతుంది. పండ్లు, వండిన తిండి కిందికి తేనివ్వని పోర్టులున్నాయి. అందుకని సీలు వేసిన బిస్కెట్లు, వేరుశెనగ ఉండలు పెట్టుకుంటాం.

2025లో పోర్ట్ క్లాంగ్‌లో నా నియమాన్ని నేనే పక్కన పెట్టాను. దూరం పోర్టే, అయినా ఓడ టూరు కొనలేదు. టెర్మినల్ దగ్గర రోజంతటికీ కారు మాట్లాడుకుని, టవర్లు, దుకాణాలు ఏమీ వద్దని డ్రైవరుకు చెప్పి నేరుగా బటు కేవ్స్‌కి పోనిమ్మన్నాం. అత్తయ్యగారికిప్పుడు 81. 2018లో మాకు తెలియనిది ఒకటుంది. మెట్ల దగ్గర నుంచి రైల్వేస్టేషన్ వైపు నడిస్తే పెద్ద ఆంజనేయస్వామి విగ్రహం, పక్కనే రామాయణ గుహ. అక్కడ 272 మెట్లు ఎక్కక్కర్లేదు. వీల్‌చైర్ గుహ ముందు వదిలి మావారి చెయ్యి పట్టుకుని లోపలికి నడిచారు. రంగురంగుల బొమ్మల్లో కథంతా ఉంది. కింద రాసిన పేర్లు చదవాల్సిన పని ఆవిడకు లేదు. మారీచుడు, జటాయువు, అశోకవనం, ఒక్కొక్కటీ మనవరాలికి చెప్పుకుంటూ వెళ్ళారు. కుంభకర్ణుణ్ణి లేపుతున్న బొమ్మ దగ్గర అక్కడున్న గట్టు మీద కూర్చుని, "మీరు కూడా కూర్చోండమ్మా, తొందరేముంది" అన్నారు. మావారు వాచీ చూశారు. ఇంకా గంటా పది నిమిషాలుంది. కూర్చున్నాం.