పాడ్రోన్ 1964 యానివర్సరీ ఎక్స్‌క్లూసివో మదూరో: ఒక పెట్టె, నాలుగేళ్ళు

పెట్టె మొన్న ఖాళీ అయింది. ఇరవై అయిదు సిగార్లు నాలుగేళ్ళు వచ్చాయి. ఇంచుమించు రెండు నెలలకొకటి. ఈ సిగార్ మీద నేను చదివిన సమీక్షలన్నీ ఒకటో రెండో కాల్చి రాసినవే. వాటిని నమ్మే కొన్నాను. తీరా మొదటి మూడు కాల్చేసరికి, వాళ్ళు చెప్పిన కోకో లేదు, కాఫీ లేదు. చేదు, మంట, ఒక పక్కే కాలిపోవడం. అవే రుచులు పదో సిగార్ దగ్గర ఒక్కొక్కటిగా దొరికాయి. సిగార్ మారలేదు, అదే పెట్టె. మారింది నేను దాన్ని ఉంచిన తీరు, కాల్చిన తీరు. అందుకే ఈ సమీక్షలో సిగార్ గురించి ఎంత ఉంటుందో దాన్ని ఎలా కాల్చాలన్నదాని గురించీ అంతే ఉంటుంది.

ఒక మాట ముందే చెప్పాలి. సిగార్ ఆరోగ్యానికి చేటు. పొగ ఊపిరితిత్తుల్లోకి తీసుకోకపోయినా నికోటిన్ నోటి లోపలి పొర గుండా ఒంట్లోకి ఎక్కుతుంది. నోరు, గొంతు, అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లకి సిగార్ పొగ కారణమని రుజువైంది. ఒక పెద్ద సిగార్‌లో సిగరెట్ పెట్టె మొత్తానికి సరిపడా పొగాకు ఉండొచ్చు. పొగ అలవాటు లేనివాళ్ళు ఇది చదివి మొదలుపెట్టవద్దు. మొదట్లో తప్ప నేను రెండు నెలలకొకటి అనే లెక్క దాటకపోవడానికి కారణం కూడా ఇదే.

ఇక సిగార్ సంగతి. ఐదున్నర అంగుళాల పొడవు, 50 రింగ్ గేజ్. రింగ్ గేజ్ అంటే అంగుళాన్ని 64 భాగాలు చేసిన లెక్క, కాబట్టి 50 అంటే ముప్పావు అంగుళం కంటే కాస్త ఎక్కువ మందం. గుండ్రంగా ఉండదు, పలకలుగా నొక్కి ఉంటుంది. దీన్ని బాక్స్ ప్రెస్ అంటారు. వేళ్ళ మధ్య దొర్లకుండా కుదురుగా కూర్చుంటుంది. పైన చుట్టిన ఆకు, అంటే రాపర్, ముదురు గోధుమరంగు దాటి నలుపులోకి దిగిన రంగు. వెలుతురులోకి తిప్పి చూస్తే సన్నగా నూనె మెరుపు కనిపిస్తుంది. బొటనవేలితో నిమిరితే ఇసుక కాగితంలా, కానీ చాలా మెత్తగా, చిన్న చిన్న గరుకులు తగులుతాయి. వెలిగించకుండా ముక్కు దగ్గర పెట్టుకుంటే రాపర్ నుంచి తోలు వాసన, చివర నుంచి తియ్యటి కోకో వాసన వస్తాయి. నాకు మాత్రం వెలిగించే ముందు ఈ రెండు నిమిషాలే అన్నిటికంటే ఇష్టం.

మదూరో అంటే స్పానిష్‌లో పండినది అని అర్థం. రంగు వేసి నల్లగా చేయరు. మందంగా పెరిగిన ఆకుని కుప్పలు వేసి, లోపల పుట్టే వేడిలోనే ఎక్కువ కాలం పులియబెడతారు. కుప్పని విప్పి, పై ఆకు లోపలికీ లోపలిది పైకీ మార్చి, మళ్ళీ పేరుస్తారు. ఆ వేడికి ఆకులోని అమ్మోనియా బయటికి పోతుంది, ఘాటు తగ్గుతుంది, రంగు ముదురుతుంది, తీపి తేలుతుంది. 1964 యానివర్సరీ అనే ఈ వరసలో వాడే ఆకు మొత్తం నికరాగ్వాదే. కనీసం నాలుగేళ్ళు మాగబెట్టిన ఆకు అని కంపెనీ చెబుతుంది. ముక్కుతో పొగ వదిలినప్పుడు అమ్మోనియా పొడిచినట్టు తగిలితే ఆ ఆకు ఇంకా పచ్చిగా ఉన్నట్టు లెక్క. అలా వదిలి చూసిన వాటిలో ఒక్కదానిలోనూ నాకు ఆ పొడుపు తగల్లేదు.

కంపెనీ కథ నాకు ఇష్టమైనది కాబట్టి కొంచెం చెబుతాను. హోసే ఓర్లాండో పాడ్రోన్ క్యూబాలో పొగాకు పండించిన కుటుంబంలో పుట్టాడు. విప్లవం తర్వాత దేశం వదిలి మయామీ చేరాడు. ఒక స్నేహితుడిచ్చిన సుత్తితో వడ్రంగం పని చేసి 600 డాలర్లు కూడబెట్టి, 1964లో ఒకే ఒక్క సిగార్ చుట్టే మనిషితో ఫ్యాక్టరీ మొదలుపెట్టాడు. తర్వాత తయారీ నికరాగ్వాలోని ఎస్తెలీకి చేరింది. 1985లో అమెరికా నికరాగ్వా మీద వాణిజ్య నిషేధం పెట్టింది. ముప్పయ్యేళ్ళు నిండిన సందర్భంగా 1994లో తెచ్చినదే ఈ 1964 యానివర్సరీ వరస.

ఇప్పుడు ఆ మొదటి మూడింటికి వద్దాం. మొదటిది పెట్టె ఇంటికి వచ్చిన రోజే వెలిగించాను. ప్రయాణంలో వేడికీ చలికీ తిరిగిన సిగార్‌కి కనీసం రెండు మూడు వారాలు విశ్రాంతి ఇవ్వాలని అప్పటికి తెలియదు. మిగతా రెండూ నెల తర్వాత కాల్చాను, అయినా అదే గొడవ. దమ్ము లాగితే పొగ సరిగా రాదు, గట్టిగా లాగితే చేదు. ఒక పలక కాలుతుంటే ఎదురు పలక నల్లగా వెనకబడి ఉండేది. సిగార్లని తేమలో దాచే పెట్టె, అంటే హ్యూమిడర్, మూత మీద తేమ కొలిచే ముల్లు మీటరు, అంటే హైగ్రోమీటర్, మాత్రం బుద్ధిగా 70 చూపిస్తోంది. 65 నుంచి 70 శాతం తేమ ఉంటే సిగార్‌కి మంచిదని అందరూ చెప్పేదే కదా, మరి తప్పెక్కడ అని వారం రోజులు తల పట్టుకున్నాను.

తప్పు ఆ ముల్లులోనే ఉంది. అది తేలింది ఉప్పు పరీక్షతో. సీసా మూతలో మామూలు ఉప్పు పోసి, కరిగిపోకుండా ముద్దలా అయ్యేంత మాత్రమే నీళ్ళు చల్లాలి. దాన్నీ హైగ్రోమీటర్‌నీ ఒక కవర్లో పెట్టి గాలి చొరకుండా మూసి రాత్రంతా వదిలేయాలి. తడి ఉప్పు ఆ కవర్లో గాలిని 75 శాతం తేమ దగ్గర నిలబెడుతుంది. ఇది భౌతికశాస్త్రం, ఏ ఊళ్ళో చేసినా అంతే. తెల్లారి చూస్తే నా ముల్లు 66 దగ్గర ఉంది. అంటే తొమ్మిది తక్కువ చెబుతోంది. నేను 70 అనుకున్న పెట్టెలో ఉన్నది ఇంచుమించు 79. నా సిగార్లు నెల రోజులుగా నానుతున్నాయన్నమాట. ఇంకొన్నాళ్ళు అలాగే వదిలేసి ఉంటే బూజు పట్టేది. సిగార్ కొనాలనుకునే ఎవరికైనా నేను చెప్పే మొదటి మాట ఇదే: ముందు హైగ్రోమీటర్‌ని పరీక్షించండి. కుదిరితే ముల్లుది మానేసి డిజిటల్‌ది కొనండి.

తర్వాత 65 శాతం తేమ ప్యాకెట్లు వేశాను. ఇవి గాలి పొడిబారితే తేమ ఇస్తాయి, ఎక్కువైతే పీల్చుకుంటాయి. రోజూ చూసుకునే టెన్షన్ ఉండదు. ఆరు వారాలు మూత తెరవలేదు. వేడి సంగతి కూడా మర్చిపోకూడదు. 24 డిగ్రీలు దాటితే పొగాకు పురుగు గుడ్లు పొదిగే ప్రమాదం ఉంటుంది. ఆ పురుగు రాపర్‌కి సూదితో పొడిచినట్టు బొక్కలు పెడుతుంది. నేను పెట్టెని ఇంట్లో అన్నిటికంటే చల్లటి అలమరలోకి మార్చాను. పురుగు బెడద రాలేదు.

నాలుగో సిగార్ చక్కగా కాలింది, కానీ రుచి ఇంకా గజిబిజిగానే ఉంది. ఈసారి కారణం నా తొందర. గడియారం చూసుకుంటే నలభై నిమిషాల్లో ముగించేస్తున్నాను. సిగరెట్ లాగినట్టు లాగితే నిప్పు బాగా వేడెక్కి, ఆకులోని నూనెలు మాడిపోయి చేదెక్కుతుంది. నిమిషానికి ఒక్క దమ్ము, అదీ మెల్లగా. మధ్యలో సిగార్‌ని బల్ల మీద పెట్టి వదిలేయాలి. దీనికి అలవాటు పడటానికి నాకు మరో నాలుగు సిగార్లు పట్టాయి. ఇప్పుడు ఒక్కోటి గంటా పావు వస్తుంది. నుసి కూడా ప్రతిసారీ రాల్చక్కర్లేదు. ఇందులో పొడవాటి ఆకులు ఉంటాయి కాబట్టి అంగుళం దాకా నిలబడుతుంది. ఉంటేనే నిప్పు చల్లగా ఉంటుంది.

మధ్యలో ఏడోది గుర్తుండిపోయింది. ఖాళీ కడుపుతో వెలిగించాను. సగం దాటేసరికి చల్లటి చెమట, కడుపులో తిప్పడం, గోడ పట్టుకుంటే గానీ నిలబడలేకపోవడం. ఇది నికోటిన్ ఎక్కువై వచ్చే వికారం. సిగార్ పక్కన పెట్టేసి, పంచదార నీళ్ళు తాగి పడుకుంటే అరగంటలో తగ్గింది. మెత్తగా, తియ్యగా ఉంది కదా అని దీని బలాన్ని తక్కువ అంచనా వేయకండి. కడుపు నిండా తిన్నాకే ముట్టుకోండి. తల తేలిపోతున్నట్టు అనిపించగానే ఆపేయండి.

పదో సిగార్‌కి నోట్‌బుక్ పక్కన పెట్టుకున్నాను. నోట్లో పెట్టుకునే చివరన అతికించిన చిన్న ఆకు టోపీని, అంటే క్యాప్‌ని, అది వంపు తిరిగే భుజం గీతకి పైన, రెండు మిల్లీమీటర్లకి మించకుండా కోశాను. ఆ గీత దిగితే రాపర్ ఊడిపోతుంది. మంటని చివరకి తగలనీయకుండా కింద పట్టి, నాలుగు మూలలూ ఎర్రబడ్డాక తొలి దమ్ము తీశాను. ఆ రోజే మొదటిసారి పొగలో కొంత ముక్కు గుండా వదలడం సరిగా కుదిరింది. దీన్ని రెట్రోహేల్ అంటారు. పొగని నోట్లో పట్టుకుని, ముప్పాతిక వంతు నోటితో వదిలేసి, మిగిలిన కొంచెం ముక్కు గుండా మెల్లగా పంపాలి. లోపలికి పీల్చకూడదు. నాలుకకి తెలిసేది తీపి, చేదు లాంటి నాలుగైదు రుచులే. కోకో, కాఫీ, తోలు అని మనం పేర్లు పెట్టేవన్నీ ముక్కు చెప్పేవే. అంతవరకు తొమ్మిది సిగార్లు నేను ముక్కు మూసుకుని తిన్నట్టే కాల్చాను.

ఆ రోజు నోట్‌బుక్‌లో రాసుకున్నది ఇది. మొదటి పది నిమిషాలు ముక్కులో నల్ల మిరియాల చురుకు, నాలుక మీద తీపి లేని కోకో. తర్వాత మిరియం వెనక్కి తగ్గి, దాని స్థానంలో బాగా వేయించిన కాఫీ గింజల వాసన. మధ్య మూడో వంతులో పొగ చిక్కబడింది, మీగడలా నోటినిండా పరుచుకుంది. వేయించిన గింజల రుచి, దాని అడుగున మాడీ మాడని పంచదార పాకం. చివరి మూడో వంతులో తోలు, తడిసిన మన్ను, మళ్ళీ మిరియం. వేళ్ళకి వేడి తగులుతున్నా చేదెక్కలేదు. అంగుళంన్నర మిగిలాక పక్కన పెట్టాను. సిగార్‌ని నలిపి ఆర్పకూడదు. వదిలేస్తే దానంతటదే ఆరుతుంది, గదిలో కంపు కూడా తక్కువ.

ఆ తర్వాతి పదిహేనూ ఇంచుమించు ఇదే దారిలో నడిచాయి. ఈ సిగార్‌లో నేను అన్నిటికంటే గౌరవించేది దీన్నే. ఆకు చేలో పండుతుంది, ఒక్కో పంటా ఒక్కోలా ఉంటుంది. చేత్తో చుట్టేవాళ్ళ వేళ్ళ బిగువు కూడా ఒకేలా ఉండదు. అయినా దమ్ము లాగితే పొగ రాకుండా బిగుసుకున్నది ఒక్కటీ రాలేదు. నిప్పు కొంచెం వంకరగా నడిచినవి రెండు, అవీ వాటంతటవే సర్దుకున్నాయి. ఇంత నిలకడ ఉంది కాబట్టే నా తప్పులు నాకు కనబడ్డాయి. ప్రతిదీ వేరుగా ఉండే సిగార్ అయితే, తప్పు దానిదో నాదో ఎప్పటికీ తేలేది కాదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఈ వరసలో ఒక్కో సిగార్‌కి చుట్టిన కాగితం పట్టీ, అంటే బ్యాండ్, మీద ఒక్కో నంబరు ఉంటుంది. నకిలీల బెడద వల్లే ఆ ఏర్పాటు. ఒకసారి వేరేచోట, తక్కువకి వస్తున్నాయని విడిగా రెండు కొన్నాను. రంగు సరిగ్గా ఉంది, పలకలు కూడా ఉన్నాయి. ఇంటికొచ్చి పక్కపక్కన పెట్టి చూస్తే రెండిటి మీదా ఒకే నంబరు. ఒకదాన్ని కోసి విప్పాను. లోపల పొడవాటి ఆకులకి బదులు తునకలు, పొట్టు. అప్పటి నుంచి విడిగా కొనడం మానేశాను.

ఇదే వరసలో నేచురల్ రాపర్‌ది కూడా ఐదారు కాల్చాను. అది ఇంతకంటే లేత గోధుమరంగులో ఉంటుంది. మిరియం, గింజల రుచి ముందుకి వస్తాయి, కోకో తీపి తగ్గుతుంది. చురుకు కావాలనుకునేవాళ్ళకి అదే నచ్చొచ్చు. నా ఓటు మాత్రం మదూరోకే. అడుగడుగునా రుచి మారుతూ ఆశ్చర్యపరచాలని కోరుకునేవాళ్ళకి ఈ రెండూ సరిపడవు. ఇవి మూడు నాలుగు రుచుల్ని లోతుగా చెప్పే సిగార్లు. మొదటిసారి ప్రీమియం సిగార్ కాల్చేవాళ్ళకి కూడా ఇది వద్దంటాను. బలం మధ్యస్థం దాటి ఉంటుంది, పైగా ఖరీదైనది. నా మొదటి మూడూ అలా వృథా అయినందుకు ఇప్పటికీ బాధే.

నాలుగేళ్ళలో సిగార్ కూడా కొంత మారింది. రెండో ఏడాదికి మొదట్లోని మిరియం మొన తగ్గి కోకో, కాఫీ కలిసిపోయాయి. నా నోట్‌బుక్‌లో పొగడ్తలు ఎక్కువున్నది పన్నెండు నుంచి పద్దెనిమిది దాకా. నాలుగో ఏటివి మరింత మెత్తబడ్డాయి గానీ, ఆ చివరి మూడో వంతులో మిరియం తిరిగొచ్చే క్షణం నాకు ఇష్టం, అది దాదాపు పోయింది. మొన్నటి ఇరవై అయిదోది అయితే ఆసాంతం కోకో, తోలు, అంతే. ఎన్నేళ్ళు ఉంచితే అంత మంచిదన్న మాట ఈ సిగార్ విషయంలో నేను ఒప్పుకోను. ఆకు ముందే మాగి వస్తోంది. ఏడాదిన్నర, మహా అయితే రెండున్నరేళ్ళు చాలు.

తర్వాతి పెట్టె ఇదే వరసలో ప్రిన్సిపె మదూరో తీసుకుంటాను. 4¾ అంగుళాలు, 46 రింగ్ గేజ్. ఇంతకంటే చిన్నది, నికోటిన్ కూడా ఆ మేరకు తక్కువ. పాత పెట్టెలోని సీడర్ చెక్క పలకని పారేయలేదు. హ్యూమిడర్ అడుగున పెట్టాను, కొత్తవి దాని మీదే పేరుస్తాను.