కానన్ 50 ఎమ్ఎమ్ 1.8 ఎస్‌టీఎమ్: రెండో లెన్స్ కొనేవాళ్ళకి

కెమెరాతో వచ్చిన 18-55 జూమ్ లెన్స్ తర్వాత ఏం కొనాలి అని అడిగే మన బెంగళూరు తెలుగోళ్ళకి నేను చెప్పేది ఇదొక్కటే. 2015లో వచ్చింది, బరువు 160 గ్రాములు, దీని ముందు మోడల్‌కి మౌంట్ (కెమెరాకి బిగించే భాగం) ప్లాస్టిక్, దీనికి మెటల్. సరే అసలు సంగతి వెలుతురు.

తెల్లారకముందే కేఆర్ మార్కెట్‌లో పూలమ్మే చోటికి వెళ్ళండి. బంతి, చామంతి కుప్పలు, పైన బల్బులు, అంత తక్కువ వెలుతురులో 18-55ని 55 దాకా జూమ్ చేస్తే ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం, నంబర్ తగ్గేకొద్దీ పెద్దది) 5.6 కన్నా తెరుచుకోదు, ఇదేమో 1.8 దాకా వెళ్తుంది, అంటే తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు లోపలికొస్తుంది, ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు పెంచే సెట్టింగ్, పెంచేకొద్దీ ఫోటో గరుకవుతుంది) 6400 పెట్టి తీయాల్సింది 800లోనే నీట్‌గా వచ్చేస్తుంది!

అలాగని అన్నీ 1.8లో తీయకండి ప్లీజ్. క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) మీద మీటరు దూరం నుంచి మొహం తీస్తే ఫోకస్‌లో ఉండేది రెండు మూడు సెంటీమీటర్ల లోతే, మనిషి కాస్త పక్కకి తిరిగితే ఒక కన్ను షార్ప్, రెండోది మసక. మొహాలకి 2.8 బాగుంటుంది, మాల కట్టే చేతులకి 4 పెడితే వేళ్ళూ దారమూ రెండూ తెలుస్తాయి. స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) లేదు, పైగా క్రాప్ మీద 50 అంటే ఫుల్‌ఫ్రేమ్‌లో 80 లెక్క, కాబట్టి షట్టర్ స్పీడ్ 1/100 సెకను కన్నా తగ్గనివ్వొద్దు, గంపలు మోస్తూ నడిచేవాళ్ళకైతే 1/250 కావాలి. ఇంకోటి, బంతిపూల రంగులోని ఎరుపు ఫోటోలో తొందరగా మితిమీరిపోయి రేకుల గీతలే కనపడవు, ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి రా (RAW, కెమెరా కుదించకుండా దాచే) ఫైల్‌లో తీయండి.

జూమ్ లేదు కదా, దగ్గరికి నడిచి వెళ్ళాల్సిందే. నాకు ఇది బాగా నచ్చిన విషయం. దూరం నుంచి దొంగచాటుగా తీసే ఫోటో కన్నా "అక్కా, ఒక ఫోటో తీసుకోనా" అని అడిగి తీసింది ఎప్పుడూ బాగుంటుంది, అక్కడ తెలుగు అర్థమయ్యేవాళ్ళు చాలామందే ఉంటారు. వద్దంటే వచ్చేయాలి. సరే అంటే మాత్రం వెంటనే నొక్కకండి, కెమెరా వైపు బిగుసుకుని చూస్తారు, మళ్ళీ పనిలో పడేదాకా ఆగండి.

లాల్‌బాగ్‌లో గ్లాస్‌హౌస్ మొత్తం ఒకే ఫ్రేములో కావాలంటే మాత్రం దీంతో కష్టం, దానికి పాత 18-55 తీసుకెళ్ళండి.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే ఫోన్ టార్చ్ లెన్స్‌లోంచి వేసి లోపల ఫంగస్ ఉందేమో చూసుకోండి, ఆటోఫోకస్ ఆన్‌లో పెట్టి దగ్గరివీ దూరంవీ నాలుగైదు ఫోటోలు తీసి జూమ్ చేసి చూశాకే డబ్బులివ్వండి.