కన్ను కదలకపోయినా కదిలిందనే ఐ ట్రాకర్: మూడేళ్ల వాడకం తర్వాత

మనిషి తెర మీద ఎక్కడ చూస్తున్నాడో కెమెరాతో కొలిచే ఈ యంత్రం మీద కోపం ఒక్కటే. కన్ను నిలకడగా ఉన్నా చూపు జరిగిందని చెబుతుంది, అదీ దశాంశాలతో సహా.

కెమెరా కంటిపాప నడిమి బిందువునూ, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మీది ఇన్‌ఫ్రారెడ్ మెరుపునూ పోల్చి చూపు లెక్కగడుతుంది. వెలుతురు పెరిగి పాప ముడుచుకునేటప్పుడు అన్ని వైపులా సమానంగా ముడుచుకోదు. నడిమి బిందువు కాస్త పక్కకు ఒరుగుతుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని చూపు ఖాతాలో వేసేస్తుంది. కొందరిలో ఈ తేడా ఒక డిగ్రీ దాటుతుంది. 57 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే తెర మీద ఒక సెంటీమీటరన్నమాట.

బొమ్మలో ఏ మూల చూశారో తెలిస్తే చాలనుకునేవారికి దీంతో పెద్ద ఇబ్బంది లేదు. చూపు మధ్య చుక్క మీద నిలిపి ధ్యాసను మాత్రమే పక్కకు పంపే ప్రయోగాల్లోనే కొంప మునుగుతుంది. ఎడమవైపు తెల్లటి సూచన వెలగగానే పాప తగ్గి, గ్రాఫులో గీత మెల్లగా వంగుతుంది. ధ్యాసే కంటిని లాగిందని రాసేసుకుంటాం. తెర వెలుతురు మార్చకుండా ఉంచినా పూర్తిగా తప్పదు. కన్ను కదపకుండా తెల్లటి భాగం మీద ధ్యాస పెట్టినా పాప కొద్దిగా చిన్నదవుతుందని 2013లోనే తేలింది మరి!

పరీక్ష తేలికే. చుక్కనే చూడమని చెప్పి, మూడేసి సెకన్లకోసారి తెరను నలుపు నుంచి తెలుపుకు, మళ్లీ నలుపుకు మార్చండి. గీత తెరతోపాటు ఊగిందా, అది పాప పనే. కాలిబ్రేషన్‌ను, అంటే తెర మీది బిందువులను చూడమని యంత్రాన్ని సరిచూసుకోవడాన్ని, ప్రయోగంలో వాడే బూడిదరంగు నేపథ్యం మీదే చేయండి. 9 బిందువుల సగటు తప్పు అర డిగ్రీ దాటితే మళ్లీ మొదలుపెట్టండి. పాప సైజు కాలమ్‌ను ఫైల్లోంచి తీసేయొద్దు. ట్రయల్‌కు (ప్రయోగంలో ఒక్కో విడతకు) ముందు చేసే డ్రిఫ్ట్ దిద్దుబాటు, అంటే కొలత పక్కకు జరిగి ఉంటే సరిచేయడం, మంచిదే గాని, ట్రయల్ మధ్యలో పాప మారితే దానికి తెలియదు.

మైక్రోసకేడ్లను, అంటే చూపు నిలిపినా కన్ను తెలియకుండా వేసే చిన్న చిన్న గెంతులను, బాగా పడుతుందని మొదట్లో మెచ్చుకున్నాం. అవి ధ్యాస వైపు మొగ్గడం ఇప్పటికీ చక్కగానే కనిపిస్తుంది. పాప అంత వేగంగా మారదు కాబట్టి దిశను నమ్మొచ్చు. గెంతు సైజును మాత్రం కాదు, కన్ను ఆగీ ఆగగానే పాప కాస్త ఊగి కొలతను పెంచేస్తుంది. కళ్లద్దాలు, మస్కారా ఉంటే అసలు లెక్కే వేరు.

మాది మసక గది, గడ్డం ఆనించే స్టాండుంది, బొమ్మలన్నీ వెలుతురు సరిచేసినవే. అందుకే ఇంకా దీంతోనే నెట్టుకొస్తున్నాం. వీడియోలు చూపించి మెల్లని కదలికలు కొలవాల్సిన పనైతే నేను కొనను.